44వ నంబరు జాతీయ రహదారి పక్కన పాత కట్టడాలు: ఎక్కడ ఆగాలి, ఎలా ఫోటో తీయాలి?

బాటసారి (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం.

నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను, అమ్మానాన్నలు హైదరాబాదులో ఉంటారు. పదకొండేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద, అంటే మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డు అని పిలిచే దారి మీద, కారులో వెళ్లి వస్తున్నాను. ఇన్నేళ్లలో ఈ దారి గురించి నాకు తెలిసినదల్లా టోల్‌గేట్లు ఎన్ని ఉన్నాయి, మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది అనే రెండు సంగతులు మాత్రమే.

మొన్న దసరాకు వస్తుంటే డోన్ దగ్గర టైరు పంక్చరై సర్వీసు రోడ్డు మీద గంటకు పైగా ఆగవలసి వచ్చింది. అక్కడికి కొద్ది దూరంలో నాపరాళ్లతో కట్టిన పాత మిద్దె ఒకటి కనిపించింది. ముందు రెండు అరుగులు, వాటి మధ్య నిలువెత్తు చెక్క వాకిలి, పైన ద్వారబంధం మీద పూలతీగ చెక్కడం ఉన్నాయి. ఫోనుతో నాలుగు ఫోటోలు తీసేసరికి లోపలినుంచి ఒక పెద్దావిడ వచ్చి, "కొలతలకొచ్చినారా నాయనా? మళ్లీ ఎంత పోతుందంట?" అని అడిగారు. నేను రోడ్డు విస్తరణకు సంబంధించిన మనిషిని కాననీ, ఇల్లు బాగుందని ఫోటో తీశాననీ చెప్పినా ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు. ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నాలాంటివాళ్లం గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దాటిపోయే ఊళ్లలో ఎన్నెన్ని కట్టడాలు ఇలా కొలతల కోసం ఎదురుచూస్తున్నాయోనని అనిపించి, వచ్చే డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి ఈ దారి వెంట ఆగుతూ, చూస్తూ, ఫోటోలు తీస్తూ రావాలని నిశ్చయించుకున్నాను.

బెంగళూరు నుంచి బయలుదేరి హైదరాబాదు చేరేలోపు ఎక్కడెక్కడ ఆగాలో, ఏ వేళలో ఏ కట్టడం మీద వెలుగు బాగుంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరా? నా దగ్గర ఒక మిర్రర్‌లెస్ కెమెరా, 24-70 లెన్సు, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. పేరున్న కోటలూ గుడులే కాక, ఆ పెద్దావిడ ఇల్లు వంటి మామూలు కట్టడాలు కూడా తీయాలన్నది నా కోరిక. అలాంటి ఇళ్ల దగ్గర మనుషులతో ఎలా మెలగాలో కూడా చెప్పండి, ఎందుకంటే ఆ రోజు నేను సరిగా మెలగలేదన్న బాధ నాకుంది.

గుత్తివాసి

బాటసారి గారికి నమస్కారం. మాది గుత్తి. ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, రాయలసీమలో చాలా ఊళ్లు తిరిగినవాణ్ణి కనుక నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మీరు ఇన్నాళ్లూ ప్రయాణం చేసింది బైపాసుల మీద. నాలుగు వరుసల రోడ్డు వేసినప్పుడు దాన్ని చాలా ఊళ్లకు పక్కనుంచి తీసుకువెళ్లారు. అంతకుముందు బస్సులూ లారీలూ, ఇంకా ముందు ఎద్దుబండ్లూ నడిచిన దారి ఊరి నడిబొడ్డులోంచే పోయేది. సత్రాలు, ట్రావెలర్స్ బంగళాలు, పాత పోలీసు స్టేషన్లు, దిగుడుబావులు, సంతపేటలు అన్నీ ఆ పాత దారి పక్కనే ఉంటాయి. కాబట్టి పెద్ద ఊరు వచ్చినప్పుడల్లా బైపాసు వదిలి ఊళ్లోకి దిగి, పాత రోడ్డు మీదుగా అవతలికి వెళ్లి మళ్లీ రహదారి ఎక్కండి. అందువల్ల ఒక్కో ఊరికి అరగంట ఎక్కువ పడుతుందేమో గానీ, మీరు వెతుకుతున్నవి అక్కడే ఉంటాయి.

దక్షిణం నుంచి వస్తారు కనుక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమరకు తిరిగి లేపాక్షితో మొదలుపెట్టండి. దాని గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. అక్కడి నుంచి పెనుకొండకు రండి. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. హంపీకి వెళ్లేవాళ్లలో నూటికి ఒక్కరు కూడా ఇటు తిరిగి చూడరని నా మనసులో ఎప్పుడూ ఒక వెలితి. గగన్ మహల్‌లో కమాను ద్వారాల పనితనం, పైన గోపురం వంటి శిఖరం కలగలిసిన తీరు చూస్తే, ఆ కాలపు మేస్త్రీలు సుల్తానుల కట్టుబడినీ మన కట్టుబడినీ ఎంత చనువుగా కలిపి వాడుకున్నారో తెలుస్తుంది. ఊళ్లోనే జైన బసది (జైనుల గుడి), బాబయ్య దర్గా, పాత కోటగోడల ముక్కలు ఉన్నాయి. కొండ ఎక్కి చూస్తే ఒక దిక్కున ఈ పాత రాజధాని, మరో దిక్కున ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీ, నడుమ రహదారి కనిపిస్తాయి. ఆ దృశ్యాన్ని ఒకే ఫోటోలో పట్టగలిగితే ఈ దారి కథ చాలావరకు అందులోనే ఉంటుంది.

అనంతపురం దాటాక పామిడిలో పెన్న ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి ఉంది. ఏటి ఇసుక, గుడి, వెనుక ఎర్రనేల కలిసి కనిపించే చోటు అది.

ఇక మా గుత్తి. సొంత ఊరన్న అభిమానంతో చెబుతున్నానని అనుకోకండి, ఇక్కడికి ఒక పూర్తి రోజు కేటాయించండి. కోట ఎక్కడానికే గంటన్నర పడుతుంది. ఒకదాని తరువాత ఒకటిగా ద్వారాలు దాటుకుంటూ పోవాలి, నీళ్లు మోసుకెళ్లాలి. పైన కొండ అంచున చిన్న మంటపం ఒకటి ఉంది, దాన్ని మురారిరావు గద్దె అంటాము. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చునేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. 1776లో హైదర్ అలీ ఈ కోటను ముట్టడించి ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. ఆ గద్దె దగ్గర నిలబడితే రైలు పట్టాలు, పాత ఊరు, రహదారి అన్నీ మీ కాళ్ల కింద పటంలా పరచుకుంటాయి.

కోట దిగాక చాలామంది వెళ్లిపోతారు, మీరు మాత్రం దిగువన ఉన్న తెల్లవాళ్ల పాత శ్మశానం చూడండి. దత్తమండలాలకు, అంటే నిజాము ఇంగ్లీషువారికి వదిలేసిన మన సీమ జిల్లాలకు, మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయనను ముందు గుత్తిలోనే పూడ్చిపెట్టారు. 1831లో ఆ అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకువెళ్లారు. మన సీమలో ఒకప్పుడు పిల్లలకు మన్రోలయ్య, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకునేవారు. ఆ పేర్లు ఉన్న ముసలివాళ్ల గురించి మా తాతగారు చెబుతుంటే విన్నాను. పత్తికొండ డోన్‌కు పడమరగా ఉంది, తీరిక ఉంటే ఒక పూట వెళ్లి రండి.

కర్నూలులో కొండారెడ్డి బురుజును అందరూ తీస్తారు. హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధిని, అక్కడివాళ్లు గోల్ గుమ్మజ్ అంటారు, చాలామంది తీయరు. రెండు గుమ్మటాలు పక్కపక్కన ఉన్న పదిహేడో శతాబ్దపు కట్టడం అది. తుంగభద్ర దాటాక అలంపురం చౌరస్తా దగ్గర రహదారి వదిలి నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లండి. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యుల కాలంలో కట్టినవి. ఇటుపక్క మనకు అరుదుగా కనిపించే ఉత్తరాది తరహా శిఖరాలు వాటికున్నాయి. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయే చోటునుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన కూడలి సంగమేశ్వరాలయం కూడా అక్కడే ఉంది. ఆ పైన బీచుపల్లి దగ్గర కృష్ణ, ఇంకాస్త ముందుకు వెళ్లి పక్కకు తిరిగితే వనపర్తి సంస్థానం వారి ప్యాలెస్ ఉన్నాయి. ఆ ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. పిల్లలు తిరుగుతున్న పాత భవనం బూజు పట్టిన భవనం కన్నా ఎంతో అందంగా ఉంటుందని నా అభిప్రాయం.

పొద్దుటి ఎండ

గుత్తివాసి గారు చోట్లన్నీ చెప్పేశారు కనుక నేను వెలుగు గురించీ కెమెరా గురించీ మాత్రమే రాస్తాను. పాత కట్టడాలను ఫోటో తీయడం నాకు పదిహేనేళ్ల అలవాటు.

బాటసారి గారూ, మీరు డిసెంబరును ఎంచుకోవడం, అదీ దక్షిణం నుంచి ఉత్తరానికి రావడం చాలా మంచిది. ఈ దారి అనంతపురం ప్రాంతంలో దాదాపు నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు, గుత్తి దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 52 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అంటే ఎండ మీ వీపు వెనుకనుంచి పడి, మీ ఎదురుగా కనిపించే కొండలనూ కట్టడాలనూ వెలిగిస్తుంది. ఇదే ప్రయాణం హైదరాబాదు నుంచి కిందికి చేస్తే మధ్యాహ్నమంతా ఎండ మీ లెన్సులోకి కొడుతుంది. ఉదయం వేళ రోడ్డుకు పడమరన ఉన్నవి, అంటే మీ ఎడమచేతివైపువి తీయండి. సాయంత్రం కుడిచేతివైపువి తీయండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పని అయినట్టే.

అయితే దీనికి ఒక చిక్కు ఉంది. ఉత్తరం వైపు చూసే గోడల మీద డిసెంబరులో ఎండ అసలు పడదు. మన అక్షాంశాల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా వెళ్లేది మే మొదటినుంచి ఆగస్టు రెండో వారం దాకా మాత్రమే. లేపాక్షి వీరభద్రాలయం ఉత్తరముఖంగా ఉంటుంది కనుక మీరు వెళ్లే నెలలో దాని ముందుభాగం నీడలోనే ఉంటుంది. దానికి విచారించవద్దు. పైన తేటగా ఉన్న ఆకాశం నుంచి వచ్చే మెత్తని వెలుగులో చెక్కడాలు నిండుగా కనిపిస్తాయి, గాఢమైన నీడలు వాటిని కోసెయ్యవు. ఫ్రేములో ఆకాశం లేకుండా చూసుకుంటే చాలు. అలంపురం గుడులు తూర్పుముఖంగా ఉన్నాయి, కాబట్టి ముందురోజు రాత్రికే కర్నూలు చేరి తెల్లవారేసరికి అక్కడ ఉండండి. మొదటి గంటలో ఆ ఎర్రటి ఇసుకరాయి రంగు మాటల్లో చెప్పలేనిది.

కట్టడాలు తీసేటప్పుడు కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు కెమెరాను పైకెత్తడం. అలా ఎత్తితే గోడలు వెనక్కి వాలిపోతున్నట్టు, బురుజు కూలబోతున్నట్టు పడుతుంది. కెమెరాను నేలకు సమాంతరంగా పట్టుకుని వీలైనంత వెనక్కి వెళ్లండి, కింద అక్కరలేని నేల ఎక్కువ పడినా ఫరవాలేదు, తరువాత కత్తిరించుకోవచ్చు. వెనక్కి వెళ్లే జాగా లేని సందుల్లో ఎదురింటివారిని అడిగి వారి మిద్దె ఎక్కి తీయండి. కట్టడం సగం ఎత్తు నుంచి తీసిన ఫోటోలో నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. రాయలసీమ మిద్దెలన్నీ సమంగా ఉండే కప్పులే కనుక ఈ సదుపాయం ఇక్కడ ఉన్నంతగా పెంకుటిళ్ల ఊళ్లలో ఉండదు.

శాసనాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ దారి వెంట గుడి ముందరో, చెరువుకట్ట మీదో, రావిచెట్టు కిందో రాతి మీద అక్షరాలు కనిపిస్తాయి. వాటి పక్కనే కత్తి ఎత్తిన మనిషి బొమ్మతో వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి జ్ఞాపకంగా నిలిపిన రాయి, కూడా ఉండవచ్చు. అక్షరాలు స్పష్టంగా కనపడాలని చాలామంది వాటి మీద సుద్ద, ముగ్గుపిండి, చివరకు సున్నం కూడా రుద్దుతారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. రాయి అరిగిపోతుంది, రుద్దినవాడికి అక్షరంలా తోచిన గీతే తరువాతివాళ్లకు నిజమైన అక్షరంగా మిగిలిపోయి పాఠం తప్పిపోతుంది. ఎండ రాతి ముఖాన్ని పక్కనుంచి ఒరుసుకుంటూ వెళ్లే వేళ దాకా ఆగండి. ప్రతి గాటులోనూ చిన్న నీడ పడి, అంతకుముందు ఖాళీగా కనిపించిన రాయి మీద వరుసలు వరుసలుగా అక్షరాలు లేస్తాయి. అంతసేపు ఆగలేకపోతే సాయంత్రం చీకటి పడ్డాక ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, చేతిలో టార్చిలైటును రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేసి తీయండి. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి, ఒకసారి పైనుంచి వేసి మూడు ఫోటోలు తీస్తే ఒకదాంట్లో కనపడని గీత ఇంకొకదాంట్లో కనపడుతుంది. పక్కన ఒక స్కేలు ఆనించి ఇంకో ఫోటో తీయండి.

ఆఖరి మాట భద్రత గురించి. దృశ్యం బాగుందని రహదారి అంచున బండి ఆపవద్దు. పెట్రోలు బంకులోనో, లారీలు ఆగడానికి కేటాయించిన చోటులోనో, సర్వీసు రోడ్డు మీదో ఆపి నడిచి రండి. రోడ్డు దాటవలసి వస్తే రెండువైపులా చూడండి, ఒకే దిశ అనుకున్న వరుసలో ఎదురుగా మోటారుసైకిళ్లు వస్తుంటాయి. ఏదైనా అవసరం పడితే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.

మట్టిమిద్దె

నేను డోన్‌కు దగ్గరి పల్లెలో, మీరు చూసినటువంటి ఇంట్లోనే పుట్టి పెరిగాను. మీకు ఎదురైన పెద్దావిడ మాట చదివి మా అమ్మ గుర్తుకు వచ్చింది కనుక రాస్తున్నాను.

రోడ్డు పక్క ఊళ్లలో చేతిలో కెమెరా, భుజాన ట్రైపాడ్ పెట్టుకుని ఇంటి ముందర నిలబడినవారిని మావాళ్లు మొదట సర్వేవాళ్లనే అనుకుంటారు. మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడల మీద ఎర్రరంగు గీతలు గీశారు. ఆ గీత మా ఇంటి అరుగు దాటి వాకిలి దాకా వచ్చింది. అరుగులు పోయాయి. నష్టపరిహారం వచ్చింది, కానీ సాయంత్రం పూట నలుగురు కూర్చునే చోటు పోయాక వీధిలో మాటే తగ్గిపోయింది. కాబట్టి ముందు కెమెరా తీయకుండా వెళ్లండి. వాకిట్లో నిలబడి పలకరించండి, మీ ఊరు, మీ అమ్మానాన్నల ఊరు చెప్పండి, మంచినీళ్లు అడిగి తాగండి. మా పక్క నీళ్లడిగినవాడిని ఎవరూ పరాయివాడిగా చూడరు. ఆ తరువాత ఇల్లు ఎవరు కట్టించారని అడిగితే వారే లోపలికి పిలిచి చూపిస్తారు. వద్దంటే అక్కడితో వదిలేయండి, వీధిలోంచి కూడా తీయవద్దు. ఇంట్లో పడుచుపిల్లలు, పసిపిల్లలు ఉంటే వారిని ఫోటోలో పడనీయకండి.

లోపలికి వెళ్లే అవకాశం వస్తే ఏం చూడాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఫోటో తీసేవాళ్లు వాకిలి చెక్కడం దగ్గరే ఆగిపోతారు. మా ఇళ్ల గొప్పతనమంతా కప్పులో ఉంటుంది. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు అనే సన్నటి అడ్డకర్రలు, వాటి పైన కొన్నిచోట్ల బేతంచెర్ల వైపు దొరికే నాపబండలు, కొన్నిచోట్ల కట్టెపేళ్లు పరుస్తారు. ఆ పైన మట్టి వేసి, అన్నిటికన్నా పైన చౌడుమట్టి పోస్తారు. పంటకు పనికిరాని ఆ ఉప్పుమట్టే తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు చౌడు తెచ్చి మిద్దె మీద పోయడం ఇంటిల్లిపాది పని. చౌడు పోసేవాళ్లు లేని ఇల్లు రెండు మూడు వానాకాలాలకే ఉరవడం మొదలుపెడుతుంది, దూలాలు పుచ్చిపోతాయి. రోడ్డు విస్తరణలో పోయిన ఇళ్లకన్నా పిల్లలు ఊరు వదిలి వెళ్లిపోయి చౌడు పోసే దిక్కులేక పడిపోయిన ఇళ్లే మా ఊళ్లో ఎక్కువ.

మిద్దెకు నడుమ ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని గవాక్షి అంటాము. వానొస్తే దాని మీద బండ మూస్తారు. కిటికీలు లేని ఆ ఇళ్లలో పగటిపూట వెలుగంతా ఆ గవాక్షిలోంచే దిగుతుంది, వంటింటి పొగంతా అందులోంచే పోతుంది. పొద్దున వంట చేసే వేళ ఆ పొగలో ఎండ కిరణం ఏటవాలుగా దిగి నేల మీద గుండ్రంగా పడి, పొద్దు కదిలినకొద్దీ అది గాదె మీదికి, అక్కడినుంచి గోడ మీదికి పాకుతుంది. మా అవ్వ గడియారం చూడకుండా ఆ వెలుగు ఎక్కడ ఉందో చూసి మాకు బడివేళ చెప్పేది. ఫోటో తీయగలిగితే దాన్ని తీయండి. మా ఇంట్లో ఎవరూ తీయలేదు, ఇప్పుడు ఆ చోట సిమెంటు స్లాబు ఉంది.

బాటసారి

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మట్టిమిద్దె గారూ, మీరు రాసింది మా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. వాళ్ల అమ్మమ్మగారి ఇంట్లోనూ గవాక్షి ఉండేదని ఆవిడ ఇన్నాళ్లకు నాకు మొదటిసారి చెప్పారు.

ప్రయాణాన్ని మార్చుకున్నాను. మొదటిరోజు లేపాక్షి, పెనుకొండ. రెండోరోజు పూర్తిగా గుత్తి. మూడోరోజు డోన్ పరిసరాల పల్లెలు చూసుకుని రాత్రికి కర్నూలు. నాలుగోరోజు తెల్లవారుజామున అలంపురం. వనపర్తిని మరోసారికి వదిలిపెడుతున్నాను. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. ఈ కట్టడాల్లో ట్రైపాడ్, డ్రోన్ వాడవచ్చునా? తీసిన ఫోటోలు నా కంప్యూటరులో పడి ఉండకుండా పదిమందికీ పనికొచ్చేలా ఎక్కడ, ఎలా భద్రపరచాలి?

పాత పటం

నేను చాలాకాలంగా వికీమీడియా కామన్స్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫోటోల ఉమ్మడి భండారంలో, మన కట్టడాల ఫోటోలు చేరుస్తున్నాను కనుక ఈ రెండింటికీ జవాబు చెప్పగలను.

లేపాక్షి, గుత్తి కోట, అలంపురం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చేతిలో కెమెరాతో తీసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, కానీ ట్రైపాడ్ పెట్టాలన్నా డ్రోన్ ఎగరేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుడుల్లో గర్భగుడి వైపు కెమెరా తిప్పకండి. లేపాక్షి కప్పు మీది వర్ణచిత్రాలకు ఫ్లాష్ వేయవద్దు. ట్రైపాడ్ లేకుండా వాటిని తీయాలంటే స్తంభానికి తగలకుండా నేల మీద మీ సంచి పెట్టి, దాని మీద కెమెరాను వెల్లకిలా ఉంచి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. నా ఫోటోల్లో బాగా వచ్చినవి అలా తీసినవే. శాసనాల కోసం రాత్రిపూట ట్రైపాడ్ వాడే పద్ధతి ఇలాంటి రక్షిత ప్రాంగణాల్లో కుదరదు, బయట పొలాల్లో చెట్ల కింద ఉన్న రాళ్ల దగ్గరే వాడుకోవాలి.

రెండో ప్రశ్నకు జవాబుగా ముందు నాకు జరిగిన ఒక నష్టం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఈ రహదారి పక్క ఊళ్లోనే ఒక పాత సత్రం చూశాను. సాయంత్రపు ఎండలో ముందరి స్తంభాల వరుస చాలా అందంగా ఉంటే పాతిక ఫోటోలు తీశాను, అన్నీ ముందరినుంచే. లోపలి వసారాలు, వంటశాల, బావి, గోడకు పొదిగిన దాత పేరున్న రాతిపలక ఇంకోసారి వచ్చినప్పుడు తీద్దామనుకున్నాను. మరుసటి ఏడు వెళ్లేసరికి ఆ జాగాలో దుకాణాల సముదాయం లేస్తోంది. నా దగ్గర పాతిక ఫోటోలు ఉన్నాయి గానీ ఆ సత్రం ఎవరు కట్టించారో, లోపల ఎన్ని గదులు ఉండేవో చెప్పడానికి వాటిలో ఒక్కటి కూడా పనికిరాదు. ఆ పలకను కెమెరా ఎత్తి ఒక్కసారి నొక్కి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ ఊరు దాటేటప్పుడు మనసు కలుక్కుమంటుంది.

అందుచేత ఇప్పుడు నేను పాటించే వరుస ఇది. కట్టడం దగ్గరికి చేరగానే అందమైన ఫోటో సంగతి పక్కనపెట్టి ముందు నాలుగువైపులా నాలుగు ఫోటోలు తీస్తాను. తరువాత వాకిలి, కప్పు, స్తంభం, గోడ పూత కనిపించేలా దగ్గరినుంచి తీస్తాను. రాసి ఉన్నది ఏదైనా సరే, రాతిపలకైనా, గోడ మీద రంగుతో రాసిన పేరైనా, విడిగా తీస్తాను. కట్టడం పక్కన ఏముందో తెలియడానికి దూరంగా వెళ్లి వీధి అంతా పడేలా ఒకటి తీస్తాను. ఇదంతా పావుగంట పని. ఆ తరువాతే వెలుగు కోసం ఎదురుచూడటం. బయలుదేరేముందు కెమెరాలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ప్రతిచోటా ఫోనుతో కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. స్థలం ఎక్కడో పదేళ్ల తరువాత కూడా అదే చెబుతుంది.

ఇంటికి వచ్చాక కామన్స్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఎక్కించవచ్చు. పూర్తి సైజులోనే ఎక్కించండి, ఫోటో మీద మీ పేరు ముద్ర వేయకండి. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చునన్న లైసెన్సు కింద అవి ఉంటాయి కనుక మీ గుర్తింపు ఎక్కడికీ పోదు. అమ్ముకునేందుకు కూడా ఇతరులు వాడుకోవచ్చునని ఆ లైసెన్సులో ఉంటుంది, దానికి మీకు సమ్మతమైతేనే చేర్చండి. ఫైలు పేరు తెలుగులో పెట్టవచ్చు. వివరణలో ఊరు, మండలం, జిల్లా, తీసిన తేదీ, స్థానికులు ఆ కట్టడాన్ని ఏ పేరుతో పిలుస్తారో రాయండి. గుత్తివాసి గారు మురారిరావు గద్దె అన్నట్టు ఊరివాళ్ల నోట ఉన్న పేరు ముఖ్యం, బోర్డుల మీది పేరు తరువాతైనా దొరుకుతుంది. ఏటా సెప్టెంబరులో వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే ఫోటోల పోటీ జరుగుతుంది, మన దేశం పాల్గొనే ఏడు మీ చారిత్రక కట్టడాల ఫోటోలను అందులోనూ చేర్చవచ్చు.

మనుషులు నివసించే ఇళ్ల విషయంలో మాత్రం ఇంకో జాగ్రత్త అవసరం. ఇంటివారి అనుమతి ఫోటో తీయడానికి ఒకటి, అందరూ చూసేచోట పెట్టడానికి ఇంకొకటి. రెండూ విడివిడిగా అడగండి. వారి పేర్లు, ఇంటి నంబరు రాయకండి, లోపలి గదుల ఫోటోలకు ఖచ్చితమైన లొకేషన్ జతచేయకండి.

మట్టిమిద్దె

పాత పటం గారు చెప్పిన దానికి ఒక్క మాట చేర్చాలి. బాటసారి గారూ, మూడోరోజు డోన్ దగ్గర ఆగినప్పుడు ఆ పెద్దావిడ ఇంటికి తప్పకుండా వెళ్లండి. దసరాకు మీరు ఫోనుతో తీసిన నాలుగు ఫోటోల్లో వాకిలి బాగా పడినదాన్ని కాస్త పెద్ద సైజులో ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి తీసుకువెళ్లి ఆవిడ చేతికి ఇవ్వండి. ఫోనులో చూపిస్తే చాలదు, ఆవిడకు కళ్లు ఆనకపోవచ్చు. ఉదయం తొమ్మిదిలోపు వెళితే పొయ్యి వెలుగుతూ ఉంటుంది.